ముందు గదిలో ఫ్రీజర్ పెట్టె

ఆదివారం ఊరికి పోతే నా ఫోను చార్జింగ్ పెట్టుకునే దిక్కు ఉండేది కాదు. ఇదేమంత పెద్ద బాధ కాదని నాకు తెలుసు. లోకంలో ఇంతకంటే పెద్ద బాధలున్నాయి, వాటిలో కొన్ని నాకూ ఉన్నాయి. అయినా చెప్పుకోవాలి. మా ఇంటి ముందు గదిలో సరిగ్గా పనిచేసే సాకెట్టు ఒక్కటే. ఇల్లు కట్టేటప్పుడు కరెంటు పని చేసినతను ఇంకొకటి పెట్టమంటావా అని అడిగితే, బాపు "ఒక్కటి మస్తు" అన్నాడట. ఆ ఒక్కదానికీ ఎప్పుడు చూసినా ఒక లావు తీగ తగిలించి ఉండేది. తీగ వెంట చూపు పోనిస్తే గోడ పక్కన ఒక పెట్టె. మనిషి పొడవు, స్టీలు ఒళ్లు, గాజు మూత, కింద చక్రాలు. చనిపోయినవాళ్లను దూరపు చుట్టాలు వచ్చేదాకా చల్లగా ఉంచే ఫ్రీజర్ పెట్టె. మా తమ్ముడు కొన్నాడు, కిరాయికి ఇద్దామని.

తమ్ముడు అంతకుముందు మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, బస్తాలు నింపే ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేవాడు. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి, సెలవు రోజున నకిరేకల్ దగ్గర దిగి ఊరికి వచ్చేవాడు. మా తాతకు జానెడు భూమి లేదు. బాపు జీవితమంతా పరాయి పొలాల్లో వంగి నడుం పోగొట్టుకున్నాడు. అందుకని తమ్ముడికి మెడలో కార్డు వేసుకునే ఉద్యోగం వచ్చినప్పుడు చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పుకున్నాం. కొన్నేళ్లకు వాడికి దగ్గు మొదలైంది. మొదట్లో మేమెవరం దాన్ని దగ్గుగా లెక్కపెట్టలేదు. వాడు సందు మలుపు తిరిగాడని ఇంట్లోవాళ్లకు తెలిపే చప్పుడు అనుకున్నాం. మరదలు ఆ చప్పుడు విని పొయ్యి మీద చాయ్ పెట్టేది.

నల్లగొండలో దవాఖానకు తీసుకుపోయింది నేనే. అక్కడ ఒక కాలేజీలో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెబుతాను కాబట్టి, మా ఇంట్లో చదువుకు సంబంధించిన పనులన్నీ, అంటే దవాఖాన, బ్యాంకు, ఆధార్ కార్డు, నావే. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత వాడితో కాకుండా నాతో మాట్లాడాడు. నన్ను మొదట భయపెట్టింది అదే. "ఆ దుమ్ములో ఇంక పనిచేయొద్దు. ఇంకేదన్నా చూసుకొమ్మనండి. మళ్లీ అక్కడికే పోయేటట్టుంటే ఈ మందులు కూడా దండగ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. బస్సులో తమ్ముడు కిటికీ పక్క సీటు అడిగి మరీ కూర్చుని, "డాక్టరు మంచోడే, జర తొందర మనిషి" అన్నాడు.

అంటే వాడు ఇంకేదన్నా చూసుకోవాలి, ఆ చూసుకున్నది నడవాలి. నడవకపోతే మళ్లీ దుమ్ములోకే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రతి మాట కిందా ఈ సంగతి ఉంటూనే ఉంది.

ఆ వేసవిలోనే మా వాడకట్టులో ఒక పెద్దమ్మ చనిపోయింది. ఆమె కూతురు ముంబైలో ఉంటుంది, రావాలి. ఎండ చూస్తే రాళ్లు పగిలేట్టుంది. నకిరేకల్ నుంచి ట్రాలీ ఆటోలో ఐసు దిమ్మలు తెచ్చింది మా తమ్ముడే. వాటి మీద పొట్టు చల్లారు, గోనె కప్పారు. అయినా మధ్యాహ్నానికల్లా గది నిండా నీళ్లు. అగరుబత్తులు కట్టలు కట్టలుగా వెలిగించారు. కూతురు వచ్చేసరికి ఆమెను దగ్గరికి పోనివ్వడానికి ఆడవాళ్లు జంకారు. అప్పుడు ఆ కూతురు చూసిన చూపు తమ్ముడి మనసులో ఉండిపోయింది. ఐసు మోసిన చేతులు గదా.

తర్వాత ఆ ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లకు ధైర్యం చెప్పడానికి మావాళ్లు చేసే ప్రార్థన అది. చివర్లో భోజనం ఉంటుంది కాబట్టి ధైర్యం చెప్పేవాళ్లు బాగానే వస్తారు. ప్రార్థన అయ్యాక, భోజనానికి ముందు, తమ్ముడు పాస్టరయ్యను అడిగి లేచి నిలబడ్డాడు.

"మొన్న మనం పడ్డ తిప్పలు అందరికి యాదున్నయి. గా ఫ్రీజర్ పెట్టె అనేది మన ఊరికి ఉంటే ఎట్లుంటది? ఉండాలె అనేటోళ్లు చేతులెత్తుర్రి."

మా చర్చిలో చేతులెత్తడానికి ఒక అలవాటు ఉంది. "ఎంతమంది నమ్ముతున్నారు?" అని పాస్టరయ్య అడిగితే ఎత్తాలి. "ఈ ఏడాది బైబిలు మొత్తం ఎంతమంది చదువుతారు?" అన్నా ఎత్తాలి. ఎత్తనివాణ్ణి పక్కవాడు ఒక కన్ను తెరిచి చూస్తాడు. ఆ లెక్కన మా చర్చిలో బైబిలు మొత్తం చదవనివాళ్లు లేరు. ఆ రోజు కూడా అందరి చేతులూ లేచాయి. బాపు రెండు చేతులూ ఎత్తాడు. తిరుమలగిరి నుంచి చుట్టపుచూపుగా వచ్చి, సాయంత్రం బస్సుకు పోవాల్సినాయన కూడా ఎత్తాడు.

తమ్ముడు అక్కడితో ఆగలేదు, మొండివాడు. చాయ్ హోటల్ దగ్గర అడిగాడు, రేషన్ షాపు వరుసలో అడిగాడు, ఐకేపీ సెంటర్లో వడ్ల కుప్పల దగ్గర అడిగాడు. ఒక్కరు కాదనలేదు. అంతా అయ్యాక నాకు ఫోను చేశాడు. అప్పటికే ఫ్యాక్టరీలో మానేస్తున్నానని చెప్పేసి వచ్చాడు.

"అన్నా, ఊరు ఊరంతా కావాలంటుంది."

"ఎవరెవరిని అడిగినవ్‌రా?"

"అందర్ని."

"అందరంటే?"

"అందరంటే మనోళ్లందర్ని."

నేను పిల్లలకు మార్కెట్ సర్వే అని ఒక పాఠం చెబుతాను. కొత్త సబ్బు గురించి నలుగురిని అడిగి రమ్మంటే, హాస్టల్లో పక్క మంచం వాణ్ణి, ఎదురు మంచం వాణ్ణి అడిగి, వినియోగదారులు అమితంగా ఇష్టపడుతున్నారని రాసుకొస్తారు. నేను మార్కులు వేస్తాను. పోయేదేముంది, సబ్బు లేదు కదా. ఇక్కడ మాత్రం వాడు ఉద్యోగం మానేసి వచ్చాడు.

"కిరాయికి తీసుకుంటరా అని అడిగినవా?"

"గదెట్ల అడుగుతరన్నా? రేపు మీ ఇంట్ల ఎవరన్న పోతే నా పెట్టె తీసుకుంటరా అని అడగాల్నా? చెప్పు తీసుకొని కొడ్తరు."

నిజమే. అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. దాన్ని ఏ మర్యాద తెలిసిన మనిషీ అడగలేడు. అడగగలిగిన ప్రశ్నకు వచ్చిన జవాబులేమో వాడి జేబు నిండా ఉన్నాయి. నాకు తోచిన అనుమానాలు చెప్పాను. వాడు విని, "నీ ఓటు నల్లగొండల ఉన్నది గదనే, విడిచిపెట్టు" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది. ఫోనులో ఆ రెండిటికీ తేడా తెలియడానికి కొంచెం సమయం పడుతుంది. ఆ కొంచెం సమయంలో నాకు ఎక్స్‌రే ఫిల్ము కనబడుతుంది.

మానేసినప్పుడు చేతికొచ్చింది పెట్టెకు సరిపోయింది. హైదరాబాద్ నుంచి తెచ్చారు. మావాళ్లలో ఏ పని మొదలుపెట్టినా ప్రారంభ ప్రార్థన చేయించడం ఆనవాయితీ. కిరాణా షాపుకైనా, ఆటోకైనా, బర్రెకైనా. పెట్టెకు రిబ్బను కట్టారు. పాస్టరయ్య దాని మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు.

"ప్రభువా, నీ బిడ్డ ఈ వ్యాపారాన్ని ఆరంభించుచున్నాడు. దీనిని అభివృద్ధి..."

అక్కడ ఆగిపోయాడు. ఎంతో ప్రార్థన అనుభవం ఉన్న మనిషి. ముప్పై రకాల దుకాణాలకు గడగడా ప్రార్థించిన మనిషి. కళ్లు మూసుకునే ఉన్నాడు గానీ, రెప్పల కింద గుడ్లు అటూ ఇటూ కదులుతున్నాయి. అభివృద్ధి చేయమంటే ఏం చేయమన్నట్టు? చివరికి, "నీ చిత్తము" అన్నాడు. అందరం గట్టిగా ఆమెన్ అన్నాం. నేను నవ్వాల్సిన సందర్భం. కాలేజీలో ఎవరైనా ఈ సంగతి చెబితే నవ్వేవాణ్ణే. ఆ గదిలో మాత్రం వెన్ను మీద ఎవరో తడిచేయి వేసినట్టయింది.

పెట్టెను ఊరికే వదిలేస్తే మిషను పాడవుతుందని, అప్పుడప్పుడు నడపాలని అమ్మినవాళ్లు చెప్పారట. తమ్ముడు జాగ్రత్తపరుడు, ఆదివారం చర్చి నుంచి రాగానే స్విచ్చి వేసేవాడు. అది గుర్రుమంటూ ఉండేది. మేము దాని పక్కనే కూర్చుని కోడికూర తినేవాళ్లం. గాజు మూత మీద నీటి ఆవిరి పట్టేది. బాపు ఒకసారి, "ఖాళీగ ఎందుకు తిరుగుతాంది, మంచినీళ్ల సీసాలన్న పెట్టుర్రి" అన్నాడు. పెట్టారు. ఎండాకాలం, నీళ్లు చల్లగా అయ్యాయి. ఎవరూ తాగలేదు. బాపు కూడా కుండలో ముంచుకుని తాగాడు.

ఆదివారాలు ఊరికి పోవడం నాకు భయమైపోయింది. గడప దాటగానే కళ్లు గోడ వైపు పోయేవి. పెట్టె అక్కడే ఉంటే తమ్ముడి పని నడవడం లేదు. లేకపోతే ఎవరో పోయారు. ఏది చూడాలని కోరుకుంటున్నానో నాకే తెలిసేది కాదు. తెలుసుకోకపోవడమే మంచిదనిపించేది.

పెట్టె ఎప్పుడూ అక్కడే ఉండేది.

వెనక వీధిలో ఒక అవ్వకు జబ్బు చేసింది. తిండి మానేసింది, మాట మానేసింది. మరదలు రోజూ పోయి ఆమె కోసం ప్రార్థన చేసి వచ్చేది. ఒక ఆదివారం నేను ఇంట్లో ఉండగానే తిరిగి వచ్చింది. తమ్ముడు మంచం మీద నుంచి లేచి కూర్చుని అడిగాడు.

"ఎట్లున్నది?"

రెండు పదాలు. జబ్బు మనిషిని చూసొచ్చినవాళ్లను అందరూ అడిగేవే. మరదలు గుమ్మంలోనే నిలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాను ఏం అడిగినట్టయిందో తమ్ముడికి అప్పుడర్థమైంది. "ఊకె అడిగిన" అన్నాడు. "ఊకెనే అడిగినవ్ తియ్యి" అంది ఆమె. తర్వాత వంటింట్లో నాతో చిన్నగా, "బావా, ఆడ మోకాళ్ల మీద ఉంటి. నోరేమో బాగుచెయ్యి ప్రభువా అంటాంది. లోపల ఏమంటున్ననో నాకే భయమైతాంది" అని చెప్పింది. 

అవ్వ లేచింది. లేచి మటన్ సూపు అడిగిందట. తమ్ముడు విని, "మంచిగైంది, మంచిగైంది" అని రెండుసార్లు అన్నాడు. రెండోసారి మాకోసం కాదు.

ఆ ఎండలు తగ్గకముందే, చాయ్ హోటల్ పక్కింట్లో ఒక పెద్దాయన నిజంగానే పోయాడు. ఆ రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. ఆయన తమ్ముడు, వార్డు మెంబరుగా చేసి దిగిపోయిన మనిషి, పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. వచ్చి, సొంతదారుడిలా పెట్టె మూత ఎత్తి లోపల చూశాడు.

"మంచిగనే ఉన్నదిరా. తియ్యిర్రి, చక్రాలున్నయి గద, నూకుకుంట పోదాం."

మా తమ్ముడు తీగ పీకాడు. పీకి, దాన్ని చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.  అడగాల్సిన మాట మరదలు అంది, తల దించుకుని.

"కాకా, కిరాయి..."

"కిరాయా?" పెద్దమనిషికి కోపం రాలేదు. నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఏం కిరాయి? ఓట్లకు నిలవడ్తలేవారా నువ్వు?"

"నేనా?" అన్నాడు తమ్ముడు.

"మరి ఊరంత తిరిగి పెట్టె కావాల్నా, పెట్టె కావాల్నా అని అడిగితివి గదరా. వార్డుకు నిలవడ్తుండు, పెట్టె మీద పేరు రాయించి ఊరికి ఇస్తుండు అనుకున్నం. పేరింక రాయియ్యలేదేంది అని మొన్ననే హోటల్ కాడ అనుకుంటిమి. నాకు పోటీకి వస్తున్నవని నేను వేరే ఫికర్ పెట్టుకుంటి!"

తప్పు ఆయనది కాదు. మా దగ్గర ఎవడైనా ఇల్లిల్లూ తిరిగి మీకేం కావాలని అడిగాడంటే, వాడు పంచాయతీకి నిలబడుతున్నాడనే అర్థం. బోరు కావాల్నా అంటారు, వీధి లైటు కావాల్నా అంటారు. కాదన్నవాడు పిచ్చివాడు. ఊరికే వచ్చేదాన్ని ఎవరు వద్దంటారు? ఊరంతా కావాలంది నిజమే. వాడు అడిగింది అదే, వాళ్లు చెప్పింది అదే. కిరాయి ఇస్తామని మాత్రం ఎవరూ అనలేదు.

పెద్దమనిషి పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "ఏమనుకోకురా బిడ్డా. కిరాయి ఇచ్చి ఉంచేటంత దూరపోళ్లు మాకెవరున్నరు? పొద్దుమూకకముందే అన్నను తీస్తం" అన్నాడు. అట్లాగే తీశారు. ఆదరణ కూడికలో చేతులెత్తినవాళ్లలో చాలామంది పాడె వెనక నడిచారు. తమ్ముడూ నడిచాడు. మట్టి వేసేటప్పుడు లేచిన దుమ్ముకు వాడు దూరంగా జరిగి, తువ్వాల మూతికి కట్టుకున్నాడు.

ఆ తర్వాత నేను కూడా ఈ సంగతి గురించి చాలా ఆలోచించాను. ఆలోచన తప్ప నా చేతిలో ఇంకేమీ లేదు. తమ్ముడు అడిగింది ఐసు నీళ్లు ఇంకా ఆరని గదిలో, ఆ వాసన ముక్కులో ఉన్నవాళ్లను. వాళ్లు ఆ రోజు పెట్టే కాదు, ఇంకేదడిగినా కావాలనేవాళ్లు. మిగతా అందరినీ వాడి దగ్గుతో సహా అడిగాడు. దుమ్ము పని మానుకోవాల్సి వచ్చి ఎదురుగా నిలబడి దగ్గుతున్న మనిషితో, వద్దురా నాయనా అని ఎవరంటారు? వాళ్లు వాడి పెట్టె గురించి చెప్పలేదు, వాడి మీద జాలితో చెప్పారు. ఇకపోతే, నిజంగా కిరాయికి తీసుకునేవాళ్లు ఒకరిద్దరున్నారు. వాళ్లు ఊళ్లో ఉండరు. హైదరాబాద్‌లో ఉంటారు. పెద్దవాళ్లను అక్కడి దవాఖానలకే తీసుకుపోతారు. అక్కడ పోయినవాళ్లు అంబులెన్సుతో పాటే పెట్టెలో వస్తారు. అన్నీ ఫోనులోనే తేలిపోతాయి. చాయ్ హోటల్ దగ్గర వాళ్లు దొరకరు, రేషన్ వరుసలో నిలబడరు, ఆదరణ కూడికలో చేతులెత్తరు. చేతులెత్తినవాళ్లందరినీ ఇంకా పదిసార్లు అడిగినా వాళ్ల సంగతి తెలిసేది కాదు.

ఇదంతా తమ్ముడికి ఒక సాయంత్రం చెప్పాను. చక్కగా, పాఠంలాగా చెప్పాను. వాడు ఓపికగా విన్నాడు.

"మంచిగ చెప్పినవన్నా," అన్నాడు. "సోమవారం రమ్మన్నరు."

"ఎవరు?"

"ఫ్యాక్టరోళ్లు. మా సూపర్‌వైజరు మంచోడు. మళ్ల అదే సెక్షన్ల జాగా ఇస్తనన్నడు."

ఎన్నో చెప్పాను. మాస్కు గురించి చెప్పాను, గేటు దగ్గర వాచ్‌మన్ పని అడగమన్నాను, నల్లగొండలో ఏదన్నా చూస్తానన్నాను. వాడు అన్నిటికీ తల ఊపాడు. బాపు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, నిద్రపోవడం లేదని భుజం చూస్తే తెలుస్తోంది.

సోమవారం తెల్లవారాక ముగ్గురం హైవే దాకా నడిచాం. తమ్ముడి భుజానికి సంచి ఉంది. అందులో మరదలు పెట్టిన రొట్టెలు, నేను కొన్న మాస్కులు, డాక్టరు మందులు ఉన్నాయి. లారీలు పోయినప్పుడల్లా దుమ్ము లేచేది, నేను వాడి వైపు చూసేవాణ్ణి, వాడు నేను చూస్తున్నానని అటు తిరిగేవాడు. బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపి, ఏదో జోకు చెప్పబోయాడు. దగ్గు వచ్చింది. బస్సు కదిలాక కూడా ఆ దగ్గు కాసేపు మాకు వినబడింది. లేదా వినబడినట్టు నాకనిపించింది.

మరదలికి ధైర్యం చెప్పాలని, నోటికి వచ్చింది అన్నాను. "నల్లగొండలో ఒకరిద్దరిని అడిగి చూస్తనమ్మా. వచ్చినకాడికి ఆ పెట్టె అమ్మేద్దాం. ఇంట్ల నుంచి పోతే నీకూ ప్రాణం కుదుటపడ్తది."

మరదలు బస్సు పోయిన వైపే చూస్తోంది.

"అమ్మొద్దు బావా," అంది. "ఆయన మళ్ల సిమెంటుకే పాయె గద. పెట్టె ఇంట్లనే ఉండనియ్యి."